ప్రళయకావేరి మొగలు

నెల్లూరు సీమ పొలములకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట యను నిసుకదీవి యడ్డుగోడవలె నిలిచియున్నది. దాని వెనుక పరచుకొన్న పులికాటు సరస్సును మనవారు ప్రళయకావేరి యందురు. ఉప్పునీరును మంచినీరును కలియు సరస్సులలో భారతదేశమున చిలుక తరువాత దీనిదే పెద్దరికము. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినను, ఈ జలములతో నెల్లూరు తీరమునకు గల బాంధవ్యము తెగిపోలేదు. ఇరకమువంటి దీవులలోని పల్లెలవారికి తరతరములుగ పడవయే బండి, నీరే బాట.

ఈ సరస్సు ప్రాణమంతయు దాని మొగలలో నున్నది. రొయ్య సముద్రమున పుట్టి, పిల్లదశలో మొగగుండ లోనికి వచ్చి, సరస్సున పెరిగి, మరల సముద్రమునకు పోవును. కావున మొగ పూడిన యేడు వల వట్టిపోవును. కార్తీకపు వానలకు కాళంగి, ఆరణి మొదలగు నేళ్లు తెచ్చెడి వరదయు, సముద్రపు పోటుపాట్లును మొగలను తెరచియుంచవలెను. ఏటినీరు తగ్గి, అలలు త్రోసెడి యిసుక హెచ్చగుటచే రాయదొరువు, కొండూరుపాలెము మొగలు పూడుచున్నవి. అంతట వేసవిలో ఉత్తరభాగము ఎండి యుప్పు పేరిన బయలగును. మిగిలిన నీరు సముద్రముకంటె నుప్పనగును.

మార్పునకు జాలరి బెదరువాడు కాడు. నిలువెత్తు లోతైనను లేని నీటిలో గడకర్రతో పడవ నడపుచు, ఋతువునుబట్టి వలను మార్చుచు, చేప లేనపుడు పీతను పట్టుచు కాలము గడపుచున్నాడు. సరస్సు దక్షిణభాగమున ‘పాడు’ అను కట్టుబాటు కలదు. రొయ్యలు దొరకెడి తావులను వంతులవారీగ పంచుకొందురు. నేడు మంచితావున వల వేసినవాడు రేపు దానిని పొరుగువానికి విడువవలెను. కొరతకాలమున నిది కలహమును వారించును. ఐనను లోపము లేకపోలేదు. వంతు కులమునుబట్టి లభించును గనుక, వల లేక చేతులతో తడవి రొయ్యలు పట్టెడి గిరిజనులకు అందు భాగము లేదు. సర్దుబాటునకును హద్దు కలదు. నీరే కరవైనపుడు వంతు వేసికొనుటకు మిగులునదేమి? పల్లెపడుచువాండ్రు పడవలను గట్టునకీడ్చి కర్మాగారముల కూలికి పోవుచున్నారు.

1969లో శ్రీహరికోటను రాకెట్టు ప్రయోగములకెన్నుకొనిరి, 1971లో ప్రయోగములారంభమయ్యెను. 1976లో సరస్సును పక్షుల రక్షితస్థలముగ ప్రకటించిరి. రెండును దేశమునకు గర్వకారణములే. ప్రయోగదినములలో సముద్రమున వల వేయక నిలిచిపోవువాడు జాలరియే. దూరదేశముల పక్షులకు సూళ్లూరుపేటలో పండుగ చేయుచున్నాము; ఆ పక్షులు మేయు నీటినే నమ్మిన మనుజులను ఆ పండుగనాడైనను తలచుకొనవలదా?

మా పాఠకులలో భూస్వాములు పెక్కురు. వారికొక మాట. పులికాటు సరస్సునకు వేయి మీటరుల లోపల రొయ్యల చెరువులు త్రవ్వరాదని 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఈ తీర్పును పాటించుట ఒకరి దయ కాదు, అందరి విధి. చెరువులనుండి విడిచిన మురుగును, గట్లు తెగి కొట్టుకొనిపోయిన మన్నును కాలువలవెంట సరస్సునకే చేరును. ఎగువవాని సౌఖ్యము దిగువవాని ఆకలి కారాదు.

మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. ఒకసారి త్రవ్వి విడిచిన మొగను సముద్రము మరల పూడ్చును. కావున ఏటేట చేయవలసిన పనిని ఎన్నికల వాగ్దానముగ మార్చరాదు. ఎప్పుడు, ఎచ్చట, ఎంత లోతు త్రవ్వవలెనో నిర్ణయించునపుడు, ఆటుపోటులను తాతలనాటినుండి చదివిన జాలరిని సభలో కూర్చుండబెట్టవలెను. నీటికి సరిహద్దురాయి తెలియదు గనుక ఆంధ్ర, తమిళ ప్రభుత్వములు కలసి యీ పని చేయవలెను. దీవులవారు తాము మారవలసినంత మారిరి. ఇక మారవలసినది గట్టునున్న మనము.