మహమ్మారి భయం – రక్తపోటు రోగులు

2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఏప్రిల్ నెలలో శ్రీకాళహస్తి పట్టణంలో కరోనా కేసులు పెరిగి ఆంక్షలు కఠినమయ్యాయి. ఆ పట్టణానికీ రేణిగుంటకూ నడుమనున్న మా ఏర్పేడు ప్రాంతంలో వ్యాధి సోకనివారిని సైతం భయం పీడించింది. రక్తపోటు రోగులకు కరోనా వలన ముప్పు అధికమన్న వార్త వారిని మరింత కలవరపరచింది.

భయం కలిగినపుడు గుండె వేగం హెచ్చుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి, పోటు కొంతసేపు పెరుగుతుంది. ఆయుర్వేదం దీనిని వాతప్రకోపమని చెబుతుంది. మలమూత్రాది వేగాలను ఆపరాదనీ, లోభ శోక భయ క్రోధాది మనోవేగాలను మాత్రం నిగ్రహించాలనీ చరకసంహిత బోధిస్తున్నది. భయం కంటే, భయపడి చేసే పనులే రోగికి ఎక్కువ కీడు చేస్తాయి. అవి ముఖ్యంగా మూడు.

మాత్రలు మానివేయుట: టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు కరోనాను తీవ్రం చేస్తాయేమోనన్న సందేహం 2020లో ప్రపంచమంతటా వ్యాపించింది. ఈ తరగతి మాత్రలు వాడుతూ కరోనాతో ఆసుపత్రిలో చేరిన 659 మందిని బ్రెజిల్‌లో పరిశీలించారు. మాత్రలు 30 దినాలు ఆపినందువలన ప్రయోజనం లేదని 2021 జనవరిలో ప్రకటించారు. వైద్యుని సలహా లేక మాత్రలు మానరాదు.

కషాయాలు అతిగా సేవించుట: దగ్గుకు మంచిదైన అతిమధురాన్ని పలువురు దినానికి మూడు నాలుగు పర్యాయాలు కషాయంలో తీసుకున్నారు. ఇది శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి, పొటాషియంను తగ్గించి, పోటును పెంచుతుంది. రక్తపోటు రోగులు దీనిని వర్జించాలి. మిరియాలు, శొంఠి అతిగా వాడితే పిత్తం ప్రకోపించి కడుపులో మంట కలుగుతుంది. మూలిక అయినంత మాత్రాన హాని చేయదని తలచరాదు.

పదేపదే పోటు చూచుకొనుట: అంకె చూచి భయం, భయంతో మరల అంకె పెరుగుట జరుగుతుంది. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చొని, పాదాలు నేలపై ఉంచి, చేయి గుండె ఎత్తున పెట్టి చూచుకోవాలి. అరగంట ముందు నుండి కాఫీ, పొగ కూడదు.

ఆచరించదగినవి: ఉదయ సాయంకాలాలు పది నిమిషాలు ఊపిరిని మెల్లగా తీసుకొని, అంతకంటె మెల్లగా విడవాలి, కుంభకం చేయరాదు. రాత్రి అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించిన సుఖనిద్ర కలుగుతుంది. ఉప్పు దినానికి 5 గ్రాములు మించరాదు. ఊరగాయలు, అప్పడాలు తగ్గించాలి. మహమ్మారి వార్తలు దినానికి ఒకసారి తెలుసుకొంటే చాలు.

పోటు 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, కాలు చేతుల బలహీనత, చూపు మందగించుట వంటివి కనిపిస్తే గృహచికిత్సలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మరల ఏ అంటువ్యాధి ప్రబలినా, రక్తపోటు రోగి మొదట తన మాత్రలు నిండుకోకుండా చూచుకోవాలి.