పడుగు దారములు, గ్రాఫిక్స్ కార్డు

రాజాం పట్టణమునకు చేరువనే శ్రీకాకుళం జిల్లాలో పొందూరు కలదు. అచటి సన్నని ఖద్దరు దేశమంతట పేరుగాంచినది. మగ్గముపై నిలువుగా బిగించిన దారముల వరుసను పడుగు అందురు. అడ్డముగా నేయు దారము పేక. నేతగాడు కాలితో ఒక్కసారి త్రొక్కగానే పడుగులో సగము దారములు ఒక్కుమ్మడిగా పైకి లేచును. వానిని ఒక్కొక్కటిగా చేతితో ఎత్తి నేయవలసి వచ్చినచో ఒక పంచె ముగియుటకు ఎన్నాళ్లు పట్టునో ఊహింపుడు!

రాజాములోని ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు విద్య నభ్యసించువారికి ఈ మాటయే ఇంగ్లీషు రూపమున ఎదురగును. గ్రాఫిక్స్ కార్డులో ఒకే ఆజ్ఞను కలసి నెరవేర్చు 32 చిన్న పనుల జట్టునకు ఎన్‌విడియా సంస్థవారు ‘వార్ప్’, అనగా పడుగు, అని పేరిడిరి. అందలి ఒక్కొక్క పని ‘థ్రెడ్’, అనగా దారము. ఇంతకంటె తగిన పేరు దొరకదు.

ఇన్ని దారములు ఎందులకు? కంప్యూటరు తెర సామాన్యముగా అడ్డమున 1920, నిలువున 1080 చుక్కలు గలది. మొత్తము 20,73,600 చుక్కలు. ఆటలో బొమ్మ కదలుచున్నట్లు కనబడవలెనన్న సెకండునకు 60 మారులు ఆ చుక్కలన్నిటికి రంగు నిర్ణయింపవలెను. అనగా సెకండునకు 12 కోట్లకు పైగా నిర్ణయములు. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు ఎంతటి చిక్కులెక్కనైనను వేగముగా విప్పగలదు గాని దానికున్న చేతులు కొలదియే. చుక్కల లెక్క చిక్కైనది కాదు, మిక్కిలి విస్తారమైనది. పైగా ఒక చుక్క సాధారణముగా ప్రక్క చుక్కకొరకు వేచియుండ నక్కరలేదు. కనుక ఇచట వలసినది వేలకొలది సామాన్యులైన పనివాండ్రు. ఈ పనివాండ్రనే కోర్లు అందురు.

2020 సెప్టెంబరులో ఎన్‌విడియా ప్రకటించిన జిఫోర్స్ ఆర్‌టీఎక్స్ 30 కుటుంబమును చూతము. విద్యుత్ప్రవాహపు కొలతకు ఏ ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరున్నదో ఆ ఆంపియరు పేరే దీని నిర్మాణమునకును పెట్టిరి. ఇందు కోర్లు గుంపులుగా నుండును, గుంపునకు 128. ఆర్‌టీఎక్స్ 3060లో 28 గుంపులు, 3070లో 46, 3080లో 68, 3090లో 82. పెద్ద కార్డులైన 3080, 3090 రెండింటికిని చిప్పు ఒక్కటే. చదరపు మిల్లీమీటర్లు 628 మాత్రమే గల ఆ చిప్పులో 2,830 కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడియున్నవి! దానియందు నిర్మించినవి 84 గుంపులు. తయారీలో దోషము తగిలిన గుంపులను మూసివేసి, తక్కినవానితో తక్కువ వెల గల కార్డును చేయుట ఈ పరిశ్రమలో వాడుక. అంచు చెడిన బట్టను కత్తిరించి తువ్వాలుగా అమ్మిన చందమున, వ్యర్థమగునది అక్కరకు వచ్చుచున్నది.

ఇక కోర్లు రెట్టింపైనచో పని రెట్టింపగునా? దీనికి చక్కని ఉదాహరణము కలదు. 2018 నాటి ఆర్‌టీఎక్స్ 2080లోను 46 గుంపులే, కోర్లు 2,944. 3070లో గుంపులు అన్నియే యైనను కోర్లు 5,888. అయినను 3070 వేగము 2080 వేగమునకు రెట్టింపు కాలేదు. దానికి చాల దిగువనే నిలిచినది. కారణమేమి? పాతదానిలో ప్రతి గుంపునందును దశాంశ లెక్కలకు ఒక వరుస, పూర్ణాంక లెక్కలకు వేరొక వరుస ఉండెడివి. కోర్లుగా ఎంచినది మొదటి వరుసనే. క్రొత్త కుటుంబమున రెండవ వరుసకు కూడ దశాంశ లెక్కలు చేయు నేర్పు కల్పించిరి. సంఖ్య రెట్టింపైనది. కాని పూర్ణాంక లెక్క వచ్చినపుడు ఆ వరుస తన పాత పనికి పోక తప్పదు.

మరియొక కారణము మెమరీ. నూలు అందనిదే మగ్గము ఆగును గదా! ఒక పడుగునకు వలసిన అంకెలు మెమరీనుండి వచ్చులోగా గుంపు ఊరక కూర్చుండదు. సిద్ధముగా నున్న వేరొక పడుగును ఎత్తుకొనును. ఈ ఉపాయముచేత చాలవరకు కాలము కలసివచ్చును. అయినను మెమరీనుండి వచ్చు దారియే ఇరుకైనచో ఎంతటి ఉపాయమును చాలదు. 2080కిని 3070కిని ఆ దారి సమానమే: సెకండునకు 448 గిగాబైట్లు.

దారి ఇరుకైన ఏమగునో 3060 చూపినది. 2021లో అది 12 గిగాబైట్ల మెమరీతో వెలువడినది. సెకండునకు 360 గిగాబైట్లు అందెడివి. 2022లో అదే పేరుతో 8 గిగాబైట్ల కార్డు వచ్చినది. కోర్లు అవే 3,584. కాని మెమరీ దారిని 192 బిట్లనుండి 128 బిట్లకు కుదించిరి; సెకండునకు 240 గిగాబైట్లు మాత్రమే అందసాగినవి. పనివాండ్రు అంతమందియే యున్నను ఆటలలో దాని వేగము స్పష్టముగా తగ్గినది. ఇది కొనువారికి న్యాయము కాదని నా తలంపు. కూడబెట్టిన సొమ్ముతో కొను పిల్లవానికి పెట్టెపై కనబడు భేదము ‘12’కు బదులు ‘8’ అను అంకె మాత్రమే.