రాతికి పదును ఎలా వస్తుంది?

రాతి పనిముట్టు చేయడమంటే రాయిని నేలకేసి బాది, పగిలిన ముక్క ఏరుకోవడమే అనుకుంటాం. నిజానికి అక్కడ బలం కన్నా కోణమే ముఖ్యం. చెకుముకి రాయి, సన్నని రేణువుల క్వార్ట్‌జైట్ గాజులాగే పగులుతాయి. దెబ్బ శక్తి తగిలిన చోటు నుంచి శంకువు ఆకారంలో లోపలికి పాకుతుంది. అందుకే 90 డిగ్రీల కన్నా తక్కువ కోణమున్న అంచును ఎంచుకుని, దానికి కాస్త లోపలగా గుండ్రటి గులకరాయితో కొడతారు. అడుగు వైపు నుంచి పల్చటి పెచ్చు ఊడుతుంది. దాని లోపలి ముఖం మీద, దెబ్బ పడిన చోటుకు దిగువనే, చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆ పెచ్చు అంచే కత్తి. ముతక రేణువుల గ్రానైట్‌లో పగులు ఇలా సాఫీగా సాగదు.

మరి వాగులో దొర్లిన రాళ్లూ పగులుతాయి కదా, మనిషే చేశాడని ఎలా నమ్మాలి? న్యాయమైన ప్రశ్నే. ఒక్క పెచ్చు ఊడితే అది రుజువు కాదు. కానీ 1863లో మద్రాసు దగ్గరి పల్లవరంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు దొరికినటువంటి చేతిగొడ్డళ్లలో రెండు ముఖాల నుంచీ పెచ్చులు వరుసగా తీసి, ఒకే అంచు మీద కలిపారు. వరదకు అంత పద్ధతి ఉండదు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో ఇలాంటివి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివి బయటపడ్డాయి.

ఉక్కు కత్తులుండగా ఇప్పుడు ఈ రాతి పని ఎందుకంటారా? అడవిలో కత్తి పోతే తాడు కోయడానికి తాజా పెచ్చు చాలు. అయితే ప్రయత్నించేటప్పుడు పెద్దలు పక్కనుండాలి, కళ్లద్దాలు తప్పనిసరి. కొట్టినప్పుడు లేచే రాతిధూళి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి గదిలో కాకుండా ఆరుబయటే కొట్టాలి.