హంతకుణ్ణి సృష్టించిన మనిషి ఎదురుపడితే

ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో వారపత్రిక పట్టుకుని సీరియల్ చదివిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. హీరోయిన్ సరిగ్గా చీకటిగది తలుపు తీసే చోట ‘సశేషం’ అని వేసేవారు. మళ్లీ వారం దాకా తలుపు వెనక ఎవరున్నారో తెలీదు. ఈలోగా కూర అడుగంటిపోయేది! మనల్ని అంతలా ఆడించిన ఆ రచయితల్ని మనలో ఎంతమందిమి కళ్లారా చూశాం చెప్పండి?

బయటి దేశాల్లో క్రైం నవల అచ్చయిందంటే రచయిత ఊరూరూ తిరుగుతాడట. పుస్తకాల షాపులో కూర్చుని సంతకాలు పెట్టడం, అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. మన తెలుగులో ఆ తిప్పట చాలాకాలం పెద్దగా అవసరపడలేదు. వారపత్రికలు, రైల్వేస్టేషన్లో పుస్తకాల బడ్డీలు, వీధి చివర అద్దె లైబ్రరీ, ఇవే ప్రచారమంతా చేసిపెట్టేవి. కొమ్మూరి సాంబశివరావుగారి ముఖం ఎరగనివాళ్లకు కూడా ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు సొంత మనుషుల్లా తెలుసు. మధుబాబుగారి షాడో సంగతీ అంతే. మా అనకాపల్లిలో అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు ఎన్ని చేతులు మారేవో లెక్కలేదు. ఎవరో ఒక మహానుభావుడు మొదటి పేజీలోనే పెన్సిలుతో ‘చంపింది మేనల్లుడే’ అని రాసిపెట్టేవాడు. వాడికి పాపం తగలకుండా పోతుందా!

తర్వాతి తరంలో ఇద్దరు రచయితలు రెండు దారులు పట్టారు. యండమూరి వీరేంద్రనాథ్‌గారు చార్టర్డ్ అకౌంటెంటు. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్నప్పుడు రాత్రిపూట పెరట్లోకి వెళ్లడానికి భయపడ్డ వాళ్లలో నేనూ ఉన్నాను. ఉరిశిక్ష ఉండకూడదని వాదించే లాయరు కథ ‘అభిలాష’, 1983లో సినిమాగా కూడా వచ్చింది. ఆయన మాత్రం పాఠకుల మధ్యకి బాగా వచ్చారు. ‘విజయానికి ఐదు మెట్లు’ తర్వాత అయితే విద్యార్థులకి ఉపన్యాసాలిస్తూ వేదికల మీదే ఎక్కువగా కనిపించారు.

మల్లాది వెంకట కృష్ణమూర్తిగారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫొటో అచ్చవ్వనివ్వరు, సభలకి రారు అని పేరు. 1986లో జంధ్యాలగారు సినిమా తీసిన ‘చంటబ్బాయ్’ మల్లాదిగారి నవలే. కడుపుబ్బ నవ్వించిన మనిషి పక్కన కూర్చుని బస్సులో ప్రయాణం చేసినా మనకి తెలీదన్నమాట! నన్నడిగితే ఆయన పద్ధతీ తప్పు కాదంటాను. మనకి కావలసింది కథ కదా, ముఖం దేనికి?

ఇంగ్లండులో అగాథా క్రిస్టీ కూడా బిడియస్తురాలే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆసుపత్రిలో మందులిచ్చే చోట పనిచేసి, విషాల గురించి అక్కడే నేర్చుకుందావిడ. 1926లో ఇంట్లోంచి వెళ్లిపోయి 11 రోజులు కనిపించకపోతే దేశమంతా వెతికింది. 1958లో ఆవిడ నాటకం ‘మౌస్‌ట్రాప్’ రికార్డు సృష్టించిన సందర్భంగా సవాయ్ హోటల్లో విందు ఇస్తే, ద్వారం దగ్గర మనిషి గుర్తుపట్టక ఆవిణ్ణే ఆపేశాడట. “ఈ విందు నాకోసమే” అనలేక వెనక్కి తిరిగిందట పాపం.

ఆవిడకంటే చెల్లింది. ఇప్పుడు రాస్తున్నవాళ్లకి బిడియపడితే కుదరదు. వారపత్రికలు చాలా ఆగిపోయాయి, అద్దె కొట్లు పోయాయి. కొత్త రచయిత చాలాసార్లు సొంత డబ్బుతో అచ్చేసుకుని, కట్టలు తనే మోసుకుని పుస్తక ప్రదర్శనలకి వెళ్లాలి. అందులోనూ ఆడమనిషైతే మూడు రోజులు ఇల్లు వదలాలంటే ముందు పప్పుపొడి, పచ్చళ్లు సిద్ధం చేసిపెట్టి మరీ బయల్దేరాలి. మగ రచయితని “మరి ఇంట్లో వంటెవరు చేస్తారు?” అని ఎవరైనా అడగ్గా విన్నారా?

మా బంధువుల్లో ఒక వదిన యాభై ఏళ్లొచ్చాక ఒక హత్య కథ రాసింది. సాయంగా నేనూ వెళ్లి స్టాల్లో కూర్చున్నాను. మొదటి రెండు గంటల్లో మా దగ్గరికి వచ్చింది నలుగురు. వాళ్లలో ముగ్గురు వంటల పుస్తకాలెక్కడని అడిగారు. నాలుగో ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, “ఇన్ని చంపడాలు మీకెలా తడతాయండీ? మీవారికి భయం వెయ్యదా?” అన్నాడు. “రోజూ కాఫీ నేనే కలుపుతానండి, ఆయన మాట్లాడకుండా తాగేస్తారు” అంది వదిన. నవ్వాడు గానీ పుస్తకం కొనలేదు. అలా నవ్వి వెళ్లేవాళ్లే ఎక్కువ. సాయంత్రానికి వదిన ముఖం వాడిపోయింది. ఇక రాయనేమో అని కూడా అంది.

మర్నాడు ఒక పెద్దావిడ తిన్నగా మా బల్ల దగ్గరికే వచ్చారు. ముందురోజు మేం టీకి వెళ్లినప్పుడు కొని రాత్రికి రాత్రే చదివేశారట. “బాగుందమ్మా. కానీ అరిసెల్లో విషం కలిపినట్టు రాశావు చూడు, ముదురు పాకం అన్నావు. ముదురు పాకంతో అరిసెలు రాళ్లల్లే అవుతాయి, ఆ ముసలాయన ఎలా నమిలాడు?” అన్నారు. వదిన తెల్లబోయి, వెంటనే పెన్ను తీసి తన కాపీలో దిద్దుకుంది. అక్కడే నిలబడి అరగంట మాట్లాడుకున్నారిద్దరూ, ఎవరిమీద అనుమానం ఎప్పుడొచ్చిందీ, ఏ పేజీలో పోయిందీ అని. అప్పుడు ఇద్దరమ్మాయిలు ఆగి విన్నారు, విని చెరొకటీ కొన్నారు.

వదిన ఇప్పుడు రెండో నవల రాస్తోంది. ఈసారి శవం మా అనకాపల్లి బెల్లం మార్కెట్లోనే దొరుకుతుందిట. చంపిందెవరో నాకు తెలుసు, మీకు మాత్రం చెప్పను.