అమ్మను అడుగుదాం

“ముట్లు ఆగినయి, ఇంకేం భయం?” అనుకుంటారు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో బీడీలు చుట్టే, పత్తి ఏరే మన అమ్మలు. కానీ వయసుతోపాటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

ముట్లు ఆగకముందు ఈస్ట్రోజెన్ హార్మోను ముఖ్యంగా అండాశయాల్లో తయారవుతుంది. ఆగిన తర్వాత ఎక్కువగా ఒంట్లోని కొవ్వులో తయారవుతుంది. అందుకే ఆ వయసులో ఊబకాయం ముప్పును పెంచుతుంది. 12 ఏళ్లలోపే రజస్వల కావడం, 55 దాటాక ముట్లు ఆగడం కూడా ముప్పే. బిడ్డకు పాలివ్వడం దాన్ని తగ్గిస్తుంది. తల్లికో, అక్కాచెల్లెళ్లకో వచ్చి ఉంటే చిన్న వయసులోనూ జాగ్రత్త అవసరం.

గడ్డ నొప్పి లేకపోయినా సిగ్గుతో దాచవద్దు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఈ సెలవుల్లో ఇంటికెళ్లగానే మనమే అమ్మను అడుగుదాం.