గోదావరిపై మూడు రైలు వంతెనలు: శతాబ్ద కాలపు ఇంజనీరింగ్ ప్రగతి

రాజమహేంద్రవరం, కొవ్వూరు పట్టణాల నడుమ గోదావరి నది దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున ప్రవహిస్తుంది. ఇక్కడ ఒకదానికొకటి చేరువలో నిలిచిన మూడు రైలు వంతెనలు వంతెనల నిర్మాణంలో నూరేళ్లలో వచ్చిన మార్పులకు నిదర్శనాలు.

హేవలాక్ వంతెన

మద్రాసు, కలకత్తా నగరాలను కలిపే రైలుమార్గానికి పూర్వం గోదావరి పెద్ద అవరోధంగా ఉండేది. ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, పడవలపై నది దాటవలసి వచ్చేది. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ ఆధ్వర్యంలో 1897లో ప్రారంభమైన వంతెన నిర్మాణం 1900లో పూర్తయింది. నాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దీనికి పెట్టారు. ఇసుకతో నిండిన నదీగర్భంలో వరద వచ్చినప్పుడల్లా స్తంభాల చుట్టూ ఇసుక కోతకు గురవుతుంది. అందువల్ల బావుల వంటి కట్టడాలను, లోపలి ఇసుక తోడుతూ, లోతుకు దించి పునాదులు వేశారు. వాటిపై రాతి స్తంభాలు నిర్మించి, సుమారు 45.7 మీటర్ల చొప్పున 56 స్పాన్లకు ఉక్కు గర్డర్లు అమర్చారు.

రోడ్డు, రైలు వంతెన

1974లో ప్రారంభమైన రెండవ వంతెనపై పై అంతస్తులో రోడ్డు, కింది అంతస్తులో రైలుమార్గం ఉన్నాయి. అనుసంధాన మార్గాలతో కలిపి రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్లకు పైబడి ఉంది. రాజమహేంద్రవరం వైపు వంతెన వంపు తిరగడం నిర్మాణపరంగా మరొక విశేషం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనప్పుడు ఈ రెండు వంతెనలూ తట్టుకుని నిలిచాయి.

ఆర్చి వంతెన

మూడవ వంతెన 1997లో వినియోగంలోకి వచ్చింది. ఇందులో ఒక్కొక్కటి 97.55 మీటర్ల స్పాన్లు 28 ఉన్నాయి. అంటే స్పాన్ల సంఖ్య హేవలాక్ వంతెనలో సగం మాత్రమే. స్తంభాలు తగ్గడం వల్ల ప్రవాహానికి అడ్డంకీ తగ్గింది. దీని నిర్మాణ సూత్రం వింటినారిని పోలినది. భారం పడినప్పుడు కాంక్రీటు ఆర్చి రెండు చివరలా బయటికి జరగడానికి ప్రయత్నిస్తుంది. వింటిని నారి బంధించినట్లు, దిగువనున్న రైలుమార్గపు కాంక్రీటు దిమ్మె ఆ ఒత్తిడిని బంధిస్తుంది. ఆర్చి నుంచి వేలాడే తీగలు ఆ దిమ్మెను మోస్తాయి. అందువల్ల స్తంభాలపై ప్రధానంగా నిలువు భారమే పడుతుంది.

వారసత్వ సంపద

తొంభై ఏడేళ్ల సేవ అనంతరం 1997లో హేవలాక్ వంతెనపై రైళ్ల రాకపోకలు నిలిచిపోయాయి. దీనిని పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దే అంశంతో కూడిన అఖండ గోదావరి పథకానికి 2025లో శంకుస్థాపన జరిగింది. వినియోగంలో లేని ఉక్కు కట్టడం తుప్పుకు సులభంగా లోనవుతుంది. కనుక సకాలంలో చేపట్టే పరిరక్షణే ఈ వంతెనను భావితరాలకు అందించగలదు.