కారు కెమెరా సాక్ష్యం చెప్పాలంటే..

చాంద్రాయణగుట్టలోనో, బహదూర్‌పురా చౌరస్తాలోనో కారుకి బైక్ తగిలిందంటే రెండు నిమిషాల్లో గుంపు చేరుతుంది. జరిగింది చూసినవాళ్లు ఇద్దరుంటే, తప్పెవరిదో చెప్పేవాళ్లు ఇరవై మంది. సాధారణంగా పెద్ద బండిదే తప్పు అనేస్తారు. క్యాబ్ నడిపి ఇల్లు గడుపుకునే డ్రైవర్‌కి అసలు భయం అక్కడే. అందుకే పాతబస్తీలో కొందరు చవక రకం యాక్షన్ కెమెరా కొని కారు అద్దానికి అంటించుకుంటున్నారు. ఫ్లైఓవర్ మీద డ్రైవ్ వీడియోలకో, బారాత్ వీడియోలకో కొన్నదే రేపు సాక్షిగా కూడా పనికొస్తుందని ఆశ.

పనికొస్తుంది. కాకపోతే బాక్సులోంచి తీసి అంటించినంత మాత్రాన కాదు.

యాక్షన్ కెమెరా, డ్యాష్‌క్యామ్ ఒకటి కావు. డ్యాష్‌క్యామ్ కారు స్టార్ట్ చేయగానే తనంతట తానే రికార్డింగ్ మొదలుపెడుతుంది. గట్టి కుదుపు తగిలితే ఆ క్లిప్ చెరిగిపోకుండా లాక్ చేస్తుంది. చవక యాక్షన్ కెమెరాల్లో చాలావాటికి ఈ లాక్ ఉండదు. కొన్నింటిలో ‘కార్ మోడ్’ ఉంటుంది, చార్జర్ నుంచి కరెంట్ రాగానే ఆన్ అవుతుంది. కొనేముందు షాపులో అడగాల్సింది ఇదే. బాక్సు మీద 4కే అని చూసి మురిసిపోనక్కర్లేదు. తక్కువ ధరవాటిలో చాలావరకు చిన్న బొమ్మనే సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కే అంటారు. 1080పీలో పెట్టుకుంటే చాలు. సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు ఏడు జీబీ లోపే, అంటే 64 జీబీ కార్డులో తొమ్మిది గంటల దాకా పడుతుంది. అదే 60 మెగాబిట్లయితే రెండు గంటలు దాటగానే పాత క్లిప్పులు చెరిగిపోవడం మొదలవుతుంది.

కెమెరాని కారు బయట బిగిస్తే వీడియో అందంగా వస్తుంది కానీ పాతబస్తీ గల్లీల్లో అది నిలవదు. దుమ్ము, వాన, పక్కనుంచి రాసుకుపోయే ఆటోలు. పైగా బండి ఆపి నమాజుకి వెళ్లొచ్చేసరికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. లోపల, వెనక చూసే అద్దం చాటున, డ్రైవర్ చూపుకి అడ్డం రాకుండా పెట్టాలి. ఆ అద్దానికి వేలాడే తస్బీహ్ లెన్స్ ముందు ఊగుతుంటే వీడియో అంతా అదే కనిపిస్తుంది, తీసి డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టుకోవచ్చు. మే నెల ఎండలో ఆపిన కారు లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువ. అతికించిన టేపు ఊడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. కారు దిగేటప్పుడు కెమెరా కూడా దిగాల్సిందే.

ఇంకోటి, నంబర్ ప్లేట్. ఈ కెమెరాల లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి నాలుగు బండ్ల అవతలి నంబర్ చీమంత కనిపిస్తుంది. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో ప్లేటు తెల్లగా మెరిసిపోతుంది. సెట్టింగ్స్‌లో వ్యూని కొంచెం ఇరుకు చేసి, వెలుతురు ఒక మెట్టు తగ్గిస్తే కొంత నయం. గుద్ది పారిపోతున్న బండి నంబర్‌ని గట్టిగా పైకి చదివితే మైకులో పడుతుంది. చాలామందికి తట్టని ఉపాయం ఇది.

తేదీ, టైము మాత్రం మరవద్దు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్ని కెమెరాలు ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతాయి. నిన్నటి ప్రమాదం వీడియో మీద ఎనిమిదేళ్ల కిందటి తేదీ ఉంటే అవతలి వకీలుకి అంతకన్నా ఏం కావాలి? ప్రతి జుమ్మాకి ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ప్రమాదం జరిగితే ముందు దెబ్బతిన్నవాళ్లని ఆసుపత్రికి చేర్చాలి, అది చట్టం డ్రైవర్ మీద పెట్టిన బాధ్యత. ఆ వెంటనే రికార్డింగ్ ఆపి కార్డు తీసేయాలి. దాన్ని అలాగే వదిలి మరో నాలుగు ట్రిప్పులు కొడితే ఉన్న ఒక్క సాక్ష్యం మీద కొత్త వీడియో ఎక్కేస్తుంది.

ఆ తర్వాత చాలామంది చేసే తప్పు వాట్సాప్. వీడియో పంపితే అది ఫైలుని కుదించేస్తుంది, అక్కడికి చేరేది అసలు ఫైలు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ కాపీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం సమర్పించేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, లోపల ఏ కొంచెం మారినా అది మారిపోతుంది. పాత చట్టం ఉన్నప్పుడే, 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు కేసులో ఈ సర్టిఫికెట్ తప్పనిసరి అని చెప్పింది. రికార్డు చేసిన అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో చూపిస్తే అక్కర్లేదని కూడా అంది. కాబట్టి కార్డునీ కెమెరానీ కవర్లో పెట్టి జాగ్రత్త చేయాలి. మోటారు ప్రమాద పరిహారానికి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు గడువు ఆరు నెలలే. అప్పటిదాకా ఆ కార్డు పిల్లల ఫోన్లోకి వెళ్లకూడదు.

కెమెరా అవతలివాడి తప్పొక్కటే చూడదు. రాంగ్ రూట్‌లో దూరినా, సిగ్నల్ దాటినా అదీ రికార్డవుతుంది.

ఇక ముఖాల సంగతి. సొంత అవసరానికి దాచుకునే వీడియోకి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తించదు. యూట్యూబ్‌లో పెట్టి డబ్బు సంపాదిస్తే అది సొంత అవసరం అనిపించుకోవడం కష్టం. ముఖాల విషయంలో పాతబస్తీకి ఇదివరకే అనుభవం ఉంది. 2021లో పోలీసులు దారిలో ఆపి మాస్కు తీయమని చెప్పి ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. పోలీసు తీస్తే అభ్యంతరం చెప్పే మొహల్లాలో, లాడ్‌బజార్‌లో గాజులు బేరమాడుతున్న ఆడవాళ్ల ముఖాలు ఎవరో కారులోంచి తీసి నెట్‌లో పెడితే ఒప్పేదెలా అవుతుంది? పెట్టాలనుకుంటే ముఖాలు, నంబర్లు మసక చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. క్యాబ్ అయితే కెమెరా ఉందని సీటు వెనక రాసి పెట్టాలి. సవారీ వద్దంటే మైకు కట్టేయాలి, వెనక సీట్లో ఏ ఇంటి గొడవ మాట్లాడుకుంటున్నారో డ్రైవర్‌కెందుకు?